తలమీది జుట్టు - తలలోని దిగులు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద రక్తపోటును గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం ఎన్నుకున్న విషయం చూసి కొందరు పాఠక మిత్రులు నవ్వుకోవచ్చు. బట్టతలను చూసి నవ్వడం మన సమాజంలో పాత అలవాటే. భర్తృహరి సైతం దురదృష్టవంతుని కథ చెప్పవలసి వచ్చినప్పుడు ఒక ఖర్వాటుణ్ణే ఎన్నుకున్నాడు. ఎండకు తాళలేక చెట్టునీడకు చేరిన ఆ అభాగ్యుని నెత్తిమీదనే పండు రాలిపడింది. మరొక ప్రక్క, బట్టతల వస్తే ధనం వస్తుందని ఓదార్చే పెద్దలూ ఉన్నారు. మాకు ముప్పదవ ఏటికే నడినెత్తి వెలవెలబోయింది గాని, మా జీతపు చీటీలో ఆ నమ్మకపు ప్రభావం ఏనాడూ కనబడలేదు.

ఈ నవ్వులాట వెనుక దాగిన దిగులు ఎంత దూరం పోగలదో గత ఏడాది వర్షాకాలంలో మాకు తెలిసివచ్చింది. ఆనాడు భద్రతా తనిఖీకై మెషిన్ షాపులో తిరుగుతున్నాము. ఓవర్‌హెడ్ క్రేను బరువు ఎత్తుతున్న బేలో ఒక యువ ఇంజనీరు హెల్మెట్టు తీసి చేతబట్టుకొని నిలబడి ఉన్నాడు. మందలించి, ప్రక్కకు పిలిచి కారణమడిగాము. అతడు చాలాసేపు తటపటాయించి, "హెల్మెట్టు వల్లనే జుట్టు ఊడిపోతోందండి. రోజూ డ్యూటీ దిగాక లోపలి పట్టీకి అంటుకున్న వెంట్రుకలు లెక్కపెడుతున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు సార్" అన్నాడు. అతని వయస్సు 27 ఏళ్ళు. మందలింపుతో ముగించవలసిన విషయం కాదని మాకు తోచింది.

ఆ మరుసటి మాసంలోనే అదే బేలో పైనుండి ఒక షాకిల్ పిన్ను జారిపడింది. దాని బరువు కిలోకు పైమాటే. దైవానుగ్రహం వల్ల క్రింద ఎవరూ లేరు. నెత్తిమీది జుట్టును కాపాడుకోబోయి నెత్తినే పోగొట్టుకునే పరిస్థితి మన కర్మాగారంలో ఎవరికీ రాకూడదన్న తలంపే ఈ వ్యాసానికి మూలం.

ముందుగా ఆ అపోహను తొలగించుకుందాము. హెల్మెట్టు ధరించడం వల్ల బట్టతల రాదు. వెంట్రుక కుదురు, అనగా రోమకూపం, చర్మం లోపల ఉంటుంది. దానికి ఆహారమూ ప్రాణవాయువూ రక్తం ద్వారా అందుతాయి. హెల్మెట్టు లోపల గాలి ఆడకపోతే చెమట పడుతుంది, చుండ్రు పెరుగుతుంది, దురద పుడుతుంది. అందుకు మందు లోపలి పట్టీని వారానికొకసారి సబ్బునీటితో కడిగి ఆరబెట్టుకోవడమే గాని, హెల్మెట్టును తీసివేయడం కాదు. పట్టీకి అంటుకున్న వెంట్రుకలు ఎటూ ఆ రోజు రాలవలసినవే. ఈ రెంటికీ సంబంధం కలపడం బోడిగుండుకూ మోకాలికీ ముడివేయడం వంటిది.

మన తలపై సుమారు ఒక లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి కుదురూ తన వంతున పనిచేసి, తన వంతున విశ్రాంతి తీసుకుంటుంది. రెండు నుండి ఆరేళ్ళ పాటు వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తరువాత రెండు మూడు వారాలలో ఎదుగుదల ఆగిపోతుంది. సుమారు మూడు నెలల విశ్రాంతి పిమ్మట అది రాలి, అదే కుదురులో క్రొత్తది మొలుస్తుంది. విద్యుత్ కేంద్రంలో యూనిట్లన్నింటినీ ఒకేసారి ఓవర్‌హాలుకు ఆపము కదా! తలలోనూ అంతే. ఏ సమయంలో చూసినా నూటికి 85 నుండి 90 కుదుళ్ళు పనిలో ఉంటాయి, మిగిలినవి విశ్రాంతిలో ఉంటాయి. అందువల్ల రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజం. దువ్వెనకు వచ్చిన నాలుగు వెంట్రుకలు చూసి బెంగపడనవసరం లేదు.

జుట్టు రాలుటలో అనేక రకాలు కలవు. ఏ రకమో తెలియకుండా మందు వాడడం, ఏ బేరింగు వేడెక్కిందో చూడకుండా మోటారునంతా విప్పడం వంటిది. ముఖ్యమైన మూడింటిని ఇక్కడ ప్రస్తావిస్తాము.

మొదటిది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. పురుషులలో అత్యధికులకు వచ్చేది ఇదే. 1942లో జేమ్స్ హామిల్టన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక విషయం గమనించాడు. యౌవనానికి ముందే వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాలేదు. వారికి పురుష హార్మోనును ఇచ్చినప్పుడు, కుటుంబంలో బట్టతల ఉన్నవారికి జుట్టు పలచబడింది. అనగా వంశమూ, హార్మోనూ రెండూ కలిసినప్పుడే ఇది వస్తుంది. టెస్టోస్టిరాన్ నుండి తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టిరాన్ అను పదార్థం నుదుటి పైనా, నడినెత్తినా ఉన్న కుదుళ్ళను క్రమంగా కుంచింపజేస్తుంది. దళసరి వెంట్రుక స్థానంలో సన్ననిది, దాని స్థానంలో నూగు మిగులుతాయి. మెడ పైభాగాన, చెవుల ప్రక్కన ఉండే కుదుళ్ళపై ఈ ప్రభావం చాలా తక్కువ. బట్టతలవారికి కూడా వెనుక జుట్టు మిగలడానికి కారణమిదే.

రెండవది తాత్కాలికంగా రాలుట. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి జ్వరాల తరువాత, కాన్పు తరువాత, పెద్ద శస్త్రచికిత్స తరువాత, రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళతో ఊడుతుంది. ఆ దెబ్బకు చాలా యూనిట్లు ఒకేసారి ట్రిప్ అయి విశ్రాంతిలోకి వెళ్ళడమే దీనికి కారణం. కుదురు చెడదు గనుక కొద్ది మాసాలలో జుట్టు తిరిగి వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా జుట్టు రాలవచ్చును గనుక రక్తపరీక్ష అవసరం. స్త్రీలలో దీనిని అసలు నిర్లక్ష్యం చేయరాదు.

మూడవది మన పల్లెలలో పేనుకొరుకుడు అని పిలిచే వ్యాధి. రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు ఊడిపోతుంది. పేరులో పేను ఉన్నది గాని వ్యాధిలో లేదు. శరీరపు రక్షణ వ్యవస్థయే పొరపాటున తన కుదుళ్ళపై దాడి చేయడం వల్ల వచ్చే స్థితి ఇది. అంటువ్యాధి కాదు. చిన్న మచ్చలు చాలామందిలో ఏడాదిలోగా వాటంతటవే పూడుకుంటాయి. లేనిచో చర్మవైద్యులు మచ్చలో స్టీరాయిడ్ సూదిమందు వేస్తారు. తలంతా వ్యాపించిన తీవ్ర స్థితికి 2022లో బారిసిటినిబ్ అను మాత్రకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. ఇది నిపుణుల పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ మాత్రమే వాడవలసినది.

ఇక వంశపారంపర్యపు బట్టతలకు ఉన్న మందుల సంగతి. ప్రకటనలలో నూనెలు నూరు కనిపిస్తాయి గాని, నిలకడగా పరీక్షలకు నిలిచిన మందులు ప్రధానంగా రెండే.

ఒకటి మినాక్సిడిల్. గత సంచికలో చెప్పుకున్న రక్తపోటుతో దీనికి చుట్టరికం ఉన్నది. 1979లో ఇది రక్తపోటు మాత్రగానే అమెరికాలో ఆమోదం పొందింది. వాడిన రోగులకు ఒంటినిండా వెంట్రుకలు మొలవడం గమనించి, తలకు రాసుకునే ద్రావణంగా మార్చారు. 1988లో దానికి ఆమోదం లభించింది. దీనిని మొదలుపెట్టిన కొద్ది వారాలలో జుట్టు మరింత రాలినట్లు కనబడుతుంది. పాత వెంట్రుకలు క్రొత్తవాటికి చోటిచ్చి తొలగడమే అది. చాలామంది ఇక్కడనే భయపడి సీసా పారవేస్తారు. కనీసం నాలుగు మాసాలు ఓపిక పడితే గాని ఫలితం తెలియదు. మానివేస్తే వచ్చిన లాభం కొద్ది మాసాలలో పోతుంది. ఇదే మందును తక్కువ మోతాదులో మాత్రగా ఇచ్చే వైద్యులు నేడు ఉన్నారు గాని, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు ఆ సంగతి ముందుగా చెప్పి తీరాలి.

రెండవది ఫినాస్టెరైడ్. దీని వెనుక చక్కని చరిత్ర ఉన్నది. డొమినికన్ రిపబ్లిక్ దేశంలో పుట్టుకతోనే డైహైడ్రోటెస్టోస్టిరాన్ తయారుకాని కొన్ని కుటుంబాలను గురించి జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ అను వైద్యురాలు, ఆమె సహచరులు 1974లో ప్రకటించారు. ఆ పురుషులకు పెద్దయ్యాక ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉన్నది, బట్టతలయూ రాలేదు. ఆ హార్మోను తయారీని అడ్డుకునే మాత్ర 1992లో 5 మిల్లీగ్రాముల మోతాదుతో ప్రోస్టేట్ వాపునకు, 1997లో 1 మిల్లీగ్రాము మోతాదుతో బట్టతలకు ఆమోదం పొందింది. కొద్దిమందిలో లైంగికాసక్తి తగ్గడం, మనసు క్రుంగడం కనిపించవచ్చును; అట్టి లక్షణం కనబడిన వెంటనే సిగ్గుపడక వైద్యునికి చెప్పాలి. గర్భిణులు ఈ మాత్రను వాడరాదు, విరిగిన మాత్రను తాకనూరాదు. కడుపులోని మగశిశువు ఎదుగుదలకు హాని కలుగుతుంది.

మా వయసువారికి ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఏబది దాటినవారు ప్రోస్టేట్ పరీక్షకై పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష చేయించుకుంటారు. ఫినాస్టెరైడ్ కొంతకాలం వాడేవారిలో ఆ అంకె సుమారు సగానికి పడిపోతుంది. పదవీ విరమణకు చేరువైన మా సహోద్యోగి ఒకరికి 2.8 వచ్చింది. 4 వరకు ఫరవాలేదని నివేదికలో అచ్చువేసి ఉండడంతో ఆయన నిశ్చింతగా ఉన్నారు. తాను రెండేళ్ళుగా జుట్టు మాత్ర వేసుకుంటున్న సంగతి నామోషీపడి వైద్యునికి చెప్పలేదు. మాటల సందర్భంలో మాకు చెప్పగా, "తప్పక చెప్పిరండి" అని వెనుకకు పంపాము. వైద్యులు ఆ అంకెను రెట్టింపుగా లెక్కగట్టి తదుపరి పరీక్షలు చేయించగా, గ్రంథిలో ప్రారంభ దశలో ఉన్న కాన్సరు బయటపడింది. సకాలంలో చికిత్స జరిగింది. మీటరు తప్పు చూపుతున్నదని తెలిస్తే ఇంజనీరు సవరించుకోగలడు, తెలియకపోతేనే ప్రమాదం.

శస్త్రచికిత్స విషయానికి వద్దాము. 1939లో జపాను వైద్యుడు షోజీ ఒకుడా జుట్టుగల చర్మపు ముక్కలను మార్చి నాటే పద్ధతిని వర్ణించాడు గాని, అది చాలాకాలం ఇతర దేశాలకు తెలియలేదు. 1959లో న్యూయార్కు వైద్యుడు నార్మన్ ఓరెంట్రెయిక్ అసలు సూత్రాన్ని స్పష్టపరచాడు: వెనుకనుండి తీసిన కుదురు ఎక్కడ నాటినా తన పాత గుణాన్నే నిలుపుకుంటుంది. నేటి చికిత్సకు ఆధారమిదే. నేడు ఒకటి నుండి నాలుగు వెంట్రుకలుండే చిన్న కుదుళ్ళను, వెనుక నుండి సన్నని చర్మపు పట్టీగా కోసి గాని, ఒక్కొక్కటిగా పెకలించి గాని, ముందు భాగాన నాటుతారు. తలకు మాత్రమే మత్తుసూది ఇస్తారు. ఒక విడతకు చాలా గంటలు పడుతుంది.

గుర్తుంచుకోవలసినది ఇది. శస్త్రచికిత్స క్రొత్త జుట్టును ఉత్పత్తి చేయదు. ఉన్నదానిని ఒక చోటినుండి మరొక చోటికి మారుస్తుంది. స్టోర్సులో ఉన్న సరుకు పరిమితం. చిన్న వయస్సులో అంతా ముందుభాగానికే ఖర్చుచేస్తే, తరువాత నడినెత్తి ఖాళీ అయినప్పుడు నాటడానికి ఏమీ మిగలదు. నాటిన జుట్టు తొలి వారాలలో రాలిపోయి, మూడు నాలుగు మాసాలకు మొలవడం మొదలై, పూర్తి రూపం రావడానికి ఏడాది పడుతుంది. తక్కిన జుట్టును నిలుపుకోవడానికి మందులు కొనసాగించవలసియే ఉంటుంది.

మన యువ ఇంజనీరు ఒకనాడు సహకార పరపతి సంఘం ఋణపత్రం పూర్తిచేసి, జామీను సంతకానికై మా యింటికి వచ్చాడు. నగరంలోని ఒక కేంద్రంవారు ఒకే విడతలో 5,000 కుదుళ్ళు నాటి, జీవితకాలపు హామీ ఇస్తామన్నారట. రెండు లక్షలకు పైబడిన సొమ్ము. "సంతకం చేస్తాము గాని బాబూ, ముందు ఆ చోటు చూపించు" అని అతని వెంట వెళ్ళాము. మూడు ప్రశ్నలు వేశాము. శస్త్రచికిత్స చేసే డాక్టరు ఎవరు? ఆయన రిజిస్ట్రేషను సంఖ్య ఏమి? మధ్యలో రోగికి ఊపిరి ఆడకపోతే ఏమి ఏర్పాటున్నది? మొదటి రెండింటికి "మా టెక్నీషియన్లకు చాలా అనుభవం ఉందండి" అన్నదే సమాధానం. మూడవదానికి సమాధానమే లేదు. ఋణపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని తిరిగివచ్చాము.

ఇది మా చాదస్తం కాదు. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ఈ విషయమై మార్గదర్శకాలు వెలువరించింది. తగిన శస్త్రచికిత్స శిక్షణ పొందిన రిజిస్టర్డు వైద్యులే దీనిని చేయాలని, వర్క్‌షాపులలోనో యూట్యూబులోనో చూసి నేర్చుకొనుట చాలదని అందులో స్పష్టపరచింది. క్రేను నడపడానికి లైసెన్సు అడిగే మనము, తలపై కత్తి పెట్టేవానిని అడగడానికి మొహమాటపడడమెందుకు?

తిరుగుప్రయాణంలో బస్సులో ఆ అబ్బాయి అన్న మాట మాకు గుర్తుండిపోయింది. "జుట్టు పోయినందుకు కాదు సార్, ఈ మాట ఎవరితోనూ అనలేకపోయినందుకే ఎక్కువ బాధపడ్డాను. అంటే నవ్వుతారని భయం." మందుకూ కత్తికీ అందని భాగమిదే. దానికి మనిషి తోడు కావాలి.

అందుచేత టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలు వెనుక వరండాలో, నెలకొక ఆదివారం సాయంత్రం కొందరము కూర్చోవడం మొదలుపెట్టాము. తొలినాడు నలుగురము, ఇప్పుడు పదునైదు మందికి పైగా వస్తున్నారు. నియమాలు మూడే. ఎవరూ నూనె గాని మందు గాని అమ్మరాదు. ఒకరి మందు చీటీని మరొకరు వాడరాదు. అక్కడ విన్నది అక్కడనే విడిచిపెట్టాలి.

అక్కౌంట్సు విభాగంలో పనిచేసే ఒక సోదరీమణికి పేనుకొరుకుడు తలంతా వ్యాపించింది. చెంగు కప్పుకునే వచ్చేది. "ఉన్నమ్మ ఏ కొప్పు ముడిచినా అందమే అంటారు కదండీ, లేనమ్మ సంగతి ఎవరూ చెప్పరు" అన్నది మొదటినాడు. కాన్సరు చికిత్సలో జుట్టు కోల్పోయిన మరొక ఇల్లాలు ఆమె ప్రక్కన కూర్చుని, తాను తిరుమల వెళ్ళిన సంగతి చెప్పింది. "కొండమీద గుండ్లు వేలకొద్దీ తిరుగుతుంటాయమ్మా. ఆ రెండు రోజులూ నన్నెవరూ తిరిగి చూడలేదు. అప్పుడనిపించింది, చూపులో ఉన్న తప్పు నా తలకెందుకు అంటగట్టుకున్నానని." ఆ తరువాతి మాసం అక్కౌంట్సు సోదరి చర్మవైద్యుని వద్దకు వెళ్ళింది. విగ్గు ఎక్కడ బాగుంటుందో ఆ ఇల్లాలే దగ్గరుండి చూపించింది. నేడు ఆఫీసుకు ఒక్కోనాడు విగ్గుతో, ఒక్కోనాడు రుమాలుతో వస్తున్నది. రెండునాళ్ళూ తలెత్తుకునే వస్తున్నది.

యువ ఇంజనీరు చర్మవైద్యుని సలహాపై మందులు వాడుతున్నాడు. ఎనిమిది మాసాలలో నడినెత్తిన కొంత నిండు వచ్చింది. నుదుటి పైభాగాన మార్పు లేదు. అతడు చేసిన మరొక పని మాకు ఎక్కువ నచ్చింది. పెళ్ళిసంబంధాలకు పంపే ఫొటోను మార్చాడు. మూడేళ్ళనాటి నిండు క్రాపు ఫొటో తీసివేసి, నేటి ఫొటో పంపుతున్నాడు. మొదటి సంబంధంవారు జవాబు ఇవ్వలేదు. రెండవవారు పెళ్ళిచూపులకు రమ్మన్నారు. ఏమవుతుందో మేము చెప్పలేము గాని, ఆ ఇంటి గడప తొక్కేటప్పుడు అతనికి దాచవలసినది ఏమీ ఉండదు.

చివరగా పాఠక మిత్రులకు విన్నపం. జుట్టు హఠాత్తుగా ఊడినా, మచ్చలు మచ్చలుగా ఊడినా, నెత్తిపై మంట, పుండు ఉన్నా ఆలస్యం చేయక చర్మవైద్యుని చూడండి. వాడుతున్న ప్రతి మందును ప్రతి వైద్యునికీ చెప్పండి. హామీలిచ్చేవారికి దూరంగా ఉండండి. తోటివాని తలను చూసి క్యాంటీనులో ఒక హాస్యం నోటికి వచ్చినప్పుడు, అతడు ఆ రాత్రి అద్దం ముందు ఎంతసేపు నిలబడతాడో ఒక్క క్షణం తలచుకోండి. అన్నింటికీ మించి, షాపులో ఉన్నంతసేపూ హెల్మెట్టు తలమీదనే ఉంచండి. జుట్టు ఉన్నా లేకున్నా, దాని క్రింద ఉన్నది మాత్రం ఒక్కటే.

వచ్చే సంచికలో షిఫ్టు డ్యూటీలలో నిద్రలేమిని గురించి ముచ్చటించుకుందాము.